విమానమంటే వణుకు, బైక్ అంటే ధీమా: మన భయం దేన్ని కొలుస్తోంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. వచ్చే నెల విమానం ఎక్కాలి, ఇప్పటినుంచే మీకు నిద్ర పట్టడం లేదు. బైక్ మీద మాత్రం రోజూ ఆఫీసుకి వెళ్ళొస్తారు, దగ్గరే కదా అని హెల్మెట్ చాలాసార్లు ఇంట్లోనే ఉండిపోతుంది. పక్క బిల్డింగ్ మీద మొబైల్ టవర్ పెడతారంటే మీ అమ్మగారు గొడవకి వెళ్ళారు, ఆవిడే ఫోన్ దిండు కింద పెట్టుకుని పడుకుంటారు. "చదువుకున్నవాళ్ళం కూడా ఇంత తెలివితక్కువగా ఎందుకు భయపడతాం? ఏది ఎంత ప్రమాదమో ఎలా తేల్చుకోవాలి?" అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. ఇందులో తెలివితక్కువతనం ఏమీ లేదు. ఆ ముప్పు మన చేతిలో ఉందా, మనం కోరి తెచ్చుకున్నదా లేక మన నెత్తిన పెట్టినదా, మనకి ఎంత అలవాటైంది: భయం కొలిచేది వీటిని. మూడూ అడగాల్సిన ప్రశ్నలే. వీటి జవాబుని ప్రాణాపాయం లెక్కగా వాడుకున్నప్పుడే తప్పు దొర్లుతుంది. ఇంకో మాట. భయం ఎక్కువై నష్టపోయినవాళ్ళని నా ఉద్యోగంలో కొద్దిమందినే చూశాను. భయం అరిగిపోయి దెబ్బతిన్నవాళ్ళని చాలామందిని చూశాను. అందుకే మీ రెండు సమస్యల్లో నాకు ఎక్కువ కంగారు పుట్టించింది విమానం కాదు, ఇంట్లో ఉండిపోతున్న హెల్మెట్.

ఇరవై నాలుగేళ్ళుగా రసాయన కర్మాగారాల్లో సేఫ్టీ ఆఫీసర్‌గా పనిచేస్తున్నాను. మా దగ్గర అందరూ భయపడేది అమ్మోనియాకి. చిన్న లీకైనా ముక్కు అదిరిపోతుంది, కళ్ళు మండుతాయి, ఎవరూ చెప్పకుండానే జనం పరిగెడతారు. అంత ఘాటు వాసన నిజానికి మనకి మేలే చేస్తుంది. గాలిలో పదిలక్షల్లో కొన్ని పదుల వంతులు ఉన్నప్పుడే వాసన తెలిసిపోతుంది, ప్రాణం మీదికి తెచ్చే మోతాదు వందల్లో ఉంటుంది. అంటే పారిపోవడానికి వ్యవధి ఇస్తుంది. నైట్రోజన్ అలా కాదు. రంగు లేదు, వాసన లేదు, మనం పీల్చే గాలిలో 78 శాతం అదే. దాన్ని చూసి ఎవడు భయపడతాడు?

ఒకరోజు మధ్యాహ్నం షిఫ్టులో ట్యాంకు రిపేరు ఉంది. నేను వెళ్ళేసరికి మాన్‌హోల్ తెరిచి ఉంది, పర్మిట్ మీద ఇంకా సంతకం పడలేదు. మా సీనియర్ వెల్డర్, వయసులో నాకన్నా పెద్దాయన, ఒక చెయ్యి మాన్‌హోల్ అంచు మీద వేసి తల లోపలికి పెట్టబోతున్నాడు. "అన్నా, ఆగు" అన్నాను. "వాసనే లేదు సార్, పొద్దున్నే కడిగారు కూడా" అన్నాడు. గ్యాస్ మీటర్ గొట్టాన్ని లోపలికి దింపాను. ఆక్సిజన్ 20.9 శాతం చూపిస్తూ ఉన్న అంకె దిగడం మొదలుపెట్టింది. 18. 15. 12. అలారం మోగుతూనే ఉంది, అంకె 9 దగ్గర నిలబడింది. నైట్రోజన్ లైన్ మీది వాల్వ్ సరిగ్గా మూసుకోక గంటలకొద్దీ లోపలికి పాస్ అవుతోంది. ఆయన గ్లోవ్ తీసి ఆ అంచుని వేళ్ళతో తడిమి చూసుకున్నాడు, కంటికి కనపడనిది చేతికైనా తగులుతుందేమో అన్నట్టు.

19.5 కన్నా తక్కువుంటే మేం మనిషిని లోపలికి పంపం. 6 శాతం దగ్గరికి వస్తే కొద్ది శ్వాసల్లోనే స్పృహ పోతుంది. ఊపిరాడనట్టు కూడా అనిపించదు. ఎందుకంటే ఊపిరాడని బాధని పుట్టించేది ఒంట్లో పేరుకునే కార్బన్ డయాక్సైడ్. అది బయటికి పోతూనే ఉంటుంది కాబట్టి, ఆక్సిజన్ అందడం లేదన్న సంగతి శరీరం చెప్పదు. పడిపోయినవాణ్ణి చూసి ఇంకొకడు దూకుతాడు, వాడూ పడిపోతాడు. ఇలాంటి ట్యాంకుల్లో పోయినవాళ్ళలో కాపాడబోయినవాళ్ళు చాలామంది ఉంటారు. ఆ వెల్డరే అంతకు ముందు వారం అమ్మోనియా లైన్ పక్కన పని చెయ్యనని పట్టుబట్టాడు. ఆయన పిరికివాడూ కాదు, తెలివిలేనివాడూ కాదు. ముక్కు చెప్పింది నమ్మాడు, అంతే.

దీని మీద యాభై ఏళ్ళకి పైగా పరిశోధన ఉంది. 1969లో చాన్సీ స్టార్ అనే ఇంజనీరు ఒక లెక్క కట్టాడు: తానే ఎంచుకున్న పనిలో మనిషి ఒప్పుకునే ముప్పు, తనకి ఇష్టం లేకుండా వచ్చి పడినదాంట్లో ఒప్పుకునేదానికి సుమారు వెయ్యి రెట్లు ఉంటుందని. ఆ వెయ్యి అనే అంకెతో తర్వాతివాళ్ళు పేచీ పెట్టారు కానీ, కోరి చేసేదానికీ నెత్తిన పడినదానికీ మనం ఒకే తూకం వాడమన్నది నిలిచింది. ఆ దారిలోనే పాల్ స్లోవిక్, బరూక్ ఫిష్‌హాఫ్, సారా లిక్టెన్‌స్టైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1970ల చివర్లో అమెరికాలో మామూలు జనాన్నీ నిపుణులనీ కూర్చోబెట్టి 30 పనులనీ సాంకేతికాలనీ ముప్పు వరసలో పెట్టమన్నారు. మహిళా ఓటర్ల సంఘం సభ్యులు అణువిద్యుత్తుని 1వ స్థానంలో పెట్టారు, నిపుణులు 20వ స్థానంలో పెట్టారు. ఎక్స్‌రేలని నిపుణులు 7వ స్థానంలో పెడితే, ఆ సంఘం సభ్యులు 22వ స్థానంలో పెట్టారు. రెండింటిలోనూ ఉన్నది రేడియేషనే. ఒకటి డాక్టరు గారు మన మేలు కోసం తీయించేది, ఇంకొకటి ఎవరో ఎక్కడో గోడల వెనక నడిపేది.

నాకు ఈ పరిశోధనలో అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది వేరే ఉంది. మామూలు ఏడాదిలో అణువిద్యుత్తు వల్ల ఎంతమంది పోతారని అడిగితే అదే మామూలు జనం చాలా తక్కువ సంఖ్య చెప్పారు. అంటే వాళ్ళకి లెక్క తెలియక భయపడలేదు. "ప్రమాదం జరగని ఏడాది సరే, జరిగిన ఏడాది సంగతేంటి?" అన్నది వాళ్ళ ప్రశ్న. దాన్ని అజ్ఞానం అని కొట్టిపారేసే నిపుణుల్ని చూస్తే నాకు బాధ కలుగుతుంది.

స్లోవిక్ ఈ భయాలన్నిటినీ ముఖ్యంగా రెండు దిక్కులకి సర్దాడు. మొదటిది గుండె జారే గుణం: అదుపులో లేకపోవడం, ఒకేసారి చాలామంది పోవడం, తప్పించుకునే దారి లేకపోవడం. రెండోది కొత్తదనం: కంటికి కనిపించకపోవడం, ఫలితం ఎప్పుడో తెలియడం, శాస్త్రానికే పూర్తిగా అంతుపట్టకపోవడం. ఇప్పుడు మీ విమానాన్ని చూడండి. తలుపు మూశాక దిగలేరు, నడిపేవాడు కనపడడు, పడితే అందరూ పోతారు. బైక్ దగ్గర హ్యాండిల్ మీ చేతుల్లోనే ఉంది. చేతుల్లో ఉంటే చాలు, మనసు అది క్షేమం అనేసుకుంటుంది. 1981లో ఓలా స్వెన్సన్ అమెరికన్ డ్రైవర్లని అడిగితే, 88 శాతం మంది తాము సగం మంది కన్నా జాగ్రత్తగా నడుపుతామన్నారు. అందరూ అలా అనుకోవచ్చు, అందరిదీ నిజం అయ్యే వీల్లేదు.

వార్తల సంగతి మీకు తెలిసిందే, ఎక్కువ చెప్పను. గుర్తుకొచ్చేది తరచుగా జరుగుతుందని మనసు అనుకుంటుంది. లిక్టెన్‌స్టైన్ బృందం అడిగినప్పుడు ఎక్కువమంది ప్రమాదాల్లో పోయేవాళ్ళే పక్షవాతంతో పోయేవాళ్ళ కన్నా ఎక్కువ అన్నారు. అప్పటి లెక్కల్లో పక్షవాతం మరణాలు ప్రమాద మరణాలన్నిటికీ దాదాపు రెట్టింపు. పక్షవాతంతో పోయిన మనిషి పేపర్లో మొదటి పేజీకి ఎక్కడు.

ఇక అంకెలు. వాణిజ్య విమానాల మీద ఏళ్ళ తరబడి లెక్కలు కట్టిన ఆర్నాల్డ్ బార్నెట్ ప్రకారం, 2018 నుంచి 2022 మధ్య ప్రపంచం మొత్తమ్మీద 1.37 కోట్ల సార్లు మనుషులు విమానం ఎక్కితే ఒక మరణం. 1968-77లో అది 3.5 లక్షల సార్లకి ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2021లో ఒక్క ఏడాదిలో రోడ్ల మీద పోయినవాళ్ళు 11.9 లక్షల మంది, అందులో సుమారు ఐదో వంతు మోటారు ద్విచక్ర, త్రిచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్ళు.

ఇక్కడ ఒక హెచ్చరిక. "కిలోమీటరుకి ఇన్ని మరణాలు" అని విమానాన్నీ బైక్‌నీ పోల్చే లెక్కలు మీకు చాలా కనిపిస్తాయి. విమానంలో అపాయం ఎక్కువగా నేల మీంచి లేచేటప్పుడూ దిగేటప్పుడూ ఉంటుంది, మధ్యలో ఎన్ని వేల కిలోమీటర్లు పోయినా పెద్దగా పెరగదు. కాబట్టి కిలోమీటరు లెక్క విమానాన్ని ఉన్నదానికన్నా మంచిగా చూపిస్తుంది. ప్రయాణానికి ఎంత అని చూడటమే న్యాయం. అలా చూసినా మీ వచ్చే నెల ప్రయాణం గురించి నా అభిప్రాయం మారదు.

భయం వల్ల చెయ్యని పనికి బదులు ఏం చేస్తామన్నది కూడా లెక్కలోకి రావాలి, జనం మర్చిపోయేది ఇదే. 2001 సెప్టెంబర్ 11 విమాన దాడుల తర్వాత అమెరికాలో చాలామంది విమానాలు మానేసి కార్లెక్కారు. ఆ తర్వాతి పన్నెండు నెలల్లో దాని వల్ల రోడ్ల మీద అదనంగా సుమారు 1,500 మంది పోయారని గెర్డ్ గిగరెంజర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అంచనా. ఆ విమానాల్లో ఉన్నవాళ్ళ కన్నా ఇది ఎన్నో రెట్లు. జపాన్‌లో అణువిద్యుత్ కేంద్రం ప్రమాదం జరిగిన ఫుకుషిమాలోనూ అంతే. 2011 తర్వాత ఆ జిల్లాలో ఖాళీ చేయించడం, ఊళ్ళు మారడం, వైద్యం తెగిపోవడం లాంటివాటి వల్ల పోయినవాళ్ళుగా 2,000 మందికి పైగా నమోదయ్యారు, ఎక్కువమంది వృద్ధులు. రేడియేషన్ వల్లే అని ప్రభుత్వం ఒప్పుకున్న మరణం ఒకటి. ఖాళీ చేయించకుండా ఉండాల్సిందని నేను అనను. ఆ రోజు ఆ నిర్ణయం తీసుకున్నవాళ్ళ ముందు ఈ అంకెలు లేవు. మంచం మీదున్న రోగిని బస్సెక్కించడం కూడా ఒక ముప్పేనన్నది మాత్రం ఇప్పుడు తెలుసు.

ఇప్పుడు మీ హెల్మెట్ విషయం. స్లోవిక్ బృందమే 1978లో సీట్ బెల్టుల మీద ఒక లెక్క చూపించింది. అప్పటి అమెరికాలో ఒక కారు ప్రయాణంలో చనిపోయే అవకాశం సుమారు 35 లక్షల్లో ఒకటి. దానికోసం బెల్ట్ పెట్టుకోవాలని ఎవరికీ అనిపించదు. కానీ మనిషి జీవితంలో అలాంటి ప్రయాణాలు దాదాపు 40,000 ఉంటాయి. అన్నీ కలిపితే చావు అవకాశం నూటికి ఒకటి, అంగవైకల్యం తెచ్చే గాయం అవకాశం మూడింట ఒకటి. ఒక్కో రోజుని విడిగా చూసినంతకాలం మీరు చేస్తున్నది సరైనదే అనిపిస్తుంది. ప్రతి సాయంత్రం క్షేమంగా ఇంటికి చేరడమే దానికి సాక్ష్యం చెప్తుంది. నిన్న ఏమీ కాలేదన్నది రేపటికి హామీ కింద వాడుకోవడం, నా పనిలో నేను చూసిన అతి పెద్ద ప్రమాదం. మా కర్మాగారంలో నిచ్చెన మీంచి పడినవాళ్ళలో కొత్తవాళ్ళు తక్కువ. కొత్తవాడు రెండు చేతులా పట్టుకుని ఎక్కుతాడు.

నిపుణులం అయినంత మాత్రాన దీనికి అతీతులం కాము. 1986 జనవరి 28న చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయింది. దర్యాప్తులో ఉన్న భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ నాసావాళ్ళని ప్రయోగం విఫలమయ్యే అవకాశం ఎంత అని అడిగితే, పనిచేసే ఇంజనీర్లు వందకి ఒకటి దగ్గర చెప్పారు, యాజమాన్యం లక్షకి ఒకటి అంది. మొత్తం 135 ప్రయోగాల్లో రెండు నౌకలు పోయాయి. చాలెంజర్‌ని ముంచింది దాని రాకెట్ల అతుకుల్లోని రబ్బరు సీళ్ళు. అవి అంతకు ముందు ప్రయోగాల్లోనే కాలిన గుర్తులు చూపించాయి. ప్రతిసారీ నౌక క్షేమంగా తిరిగొచ్చింది కాబట్టి, ఆ కాలడం కొన్నాళ్ళకి మామూలు విషయం అయిపోయింది. నాకు తెలిసిన కంట్రోల్ రూముల్లో ఇలా "మామూలైపోయిన" అలారాలు లేనిది ఒక్కటీ లేదు. కొత్తగా వెళ్ళిన చోట నేను మొదట అడిగే ప్రశ్న కూడా అదే: "ఇక్కడ మీరు పట్టించుకోని అలారం ఏది?"

మీ అమ్మగారి విషయానికి వస్తాను. ఆవిడ మీద నవ్వకండి. చాలా ఏళ్ళ క్రితం మా కర్మాగారంలో కొత్త స్టోరేజీ ట్యాంకు కట్టేముందు చుట్టుపక్కల వాళ్ళతో మీటింగ్ పెట్టారు. నేను స్లైడ్లు వేసి, ప్రమాదం అవకాశం ఏడాదికి ఇన్ని లక్షల్లో ఒకటి అని వివరించాను. చంకలో బిడ్డతో వెనక నిలబడ్డ ఒకావిడ, "అది సరే సార్. పునాదులు పోసి నాలుగు నెలలైంది. మాకు ఇవాళ ఎందుకు చెప్తున్నారు?" అంది. నేను మళ్ళీ అదే అంకె చెప్పాను. హాలు సగం ఖాళీ అయింది. ఆవిడ అడిగినదానికి నా దగ్గర జవాబు ఉంది: ముందే చెప్పాల్సింది, చెప్పలేదు, తప్పు మాది. ఆ మాట అనడానికి నాకు అప్పట్లో ధైర్యం చాలలేదు. ఈ రంగంలో పేరున్న పీటర్ శాండ్‌మన్ అంటాడు, జనం దృష్టిలో రిస్క్ అంటే అపాయమూ ఆగ్రహమూ కలిసినదని. ఆగ్రహానికి జవాబు అంకెలతో రాదు.

టవర్ భౌతికశాస్త్రం మాత్రం ఇలా ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ ఆ తరంగాల తీవ్రత దూరం వర్గానికి తగ్గట్టు పడిపోతుంది. దిండు కింద ఫోన్ తలకి అంగుళాల దూరంలో ఉంటుంది, టవర్ పదుల మీటర్ల దూరంలో. పైగా సిగ్నల్ బలహీనంగా ఉంటే ఫోన్ తన పవర్ పెంచుకుంటుంది, కాబట్టి టవర్ దూరం జరిగితే చెవి దగ్గర ఫోన్ నుంచి వచ్చేది పెరగొచ్చు. ఈ తరంగాలకి ఎక్స్‌రేల్లా రసాయన బంధాల్ని తెంచే శక్తి లేదు. 2011లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వీటిని "క్యాన్సర్‌కి కారణం అయ్యే వీలుంది" అనే 2బి వర్గంలో పెట్టింది. చాలామంది దీన్ని చదివి బెంబేలెత్తుతారు. అది ఆధారం ఎంత గట్టిదన్నదాని మీద చేసిన వర్గీకరణ, ముప్పు ఎంత పెద్దదన్నదాని మీద కాదు, ఇక్కడ ఆధారం పరిమితమేనని దాని అర్థం. ఇదంతా అమ్మగారికి చెప్పండి, కానీ చివర్లో చెప్పండి. ముందు టవర్ ఎవరు ఒప్పుకున్నారు, కొలతలు ఎవరు తీస్తారు, వాటిని ఎక్కడ చూడొచ్చు అని ఆవిడతో కలిసి కనుక్కోండి. ఆవిడ అసలు అడుగుతున్నది అదే అని నా నమ్మకం.

ఇక ఏది ఎంత ప్రమాదమో తేల్చుకోవడం. వార్తలో "రెట్టింపు ముప్పు" అని చూస్తే నేను వెంటనే అడిగేది "ఎంతలోంచి ఎంతకి?" అని. 1995 అక్టోబర్‌లో బ్రిటన్‌లో కొత్త తరం గర్భనిరోధక మాత్రలు రక్తం గడ్డకట్టే ముప్పుని రెట్టింపు చేస్తాయని అధికారిక హెచ్చరిక వచ్చింది. 7,000 మందిలో ఒకరికి బదులు ఇద్దరికి అన్నది అసలు లెక్క. చాలామంది భయపడి మాత్రలు ఆపేశారు. తర్వాతి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో అదనంగా సుమారు 13,000 గర్భస్రావాలు జరిగాయని అంచనా. రక్తం గడ్డకట్టే ముప్పు గర్భంతో ఉన్నప్పుడు ఆ మాత్రల కన్నా ఎక్కువ.

రెండోది, ఈ పని ఎన్నిసార్లు చేస్తాను? ఏడాదికి రెండుసార్లు చేసేదానికీ రోజుకి రెండుసార్లు చేసేదానికీ ఒకే కొలబద్ద పనికిరాదు. మూడోది, తప్పు జరిగితే సరిదిద్దుకునే వీలుందా? లెక్క చిన్నదైనా, వెనక్కి తీసుకోలేని నష్టమైతే నేను ఎక్కువ జాగ్రత్తే పడతాను, దానికి సిగ్గుపడను. సగటు అంకె మీకు వర్తిస్తుందో లేదో కూడా చూసుకోండి. రాత్రిపూట, వానలో, వేగంగా, ఫోన్ మాట్లాడుతూ నడిపేవాడికి సగటు వర్తించదు. ఫోన్ వాడుతూ నడిపితే ప్రమాదం అవకాశం సుమారు నాలుగు రెట్లు అవుతుంది. హెల్మెట్ సరిగ్గా పెట్టుకుంటే చావు అవకాశం 42 శాతం, తల గాయాల అవకాశం 69 శాతం తగ్గుతుంది. జీవితంలో ఒక్క వస్తువు ఇంత చేసిపెట్టడం అరుదు.

విమానం భయం ఈ అంకెలతో పోతుందని నేను మాట ఇవ్వను. నిద్ర పట్టనంతగా ఉంటే మానసిక వైద్యుణ్ణి కలవండి, దానికి మంచి చికిత్స ఉంది. విమానంలో మీ చేతిలో ఉన్న పని ఒకటుంది: బెల్ట్ గుర్తు ఆరిపోయినా కూర్చున్నంతసేపూ బెల్ట్ పెట్టుకునే ఉండండి. కుదుపుల్లో గాయపడేవాళ్ళు ఎక్కువగా బెల్ట్ లేనివాళ్ళే. ఏదో ఒకటి మన చేతిలో ఉందనుకుంటే మనసు కొంచెం నెమ్మదిస్తుంది కూడా.

హెల్మెట్‌కి మాత్రం భయం మీద ఆధారపడకండి, అది మీకు మళ్ళీ పుట్టదు. మా వెల్డర్‌కి కూడా ఆ భయం నెల రోజులే నిలిచింది. మాన్‌హోల్ మూతకి తాళం వేసి, తాళంచెవి గ్యాస్ మీటర్ పెట్టెలో పెట్టడం మొదలుపెట్టాక నేను నిశ్చింతగా ఉన్నాను. మీరూ ఇవాళ రాత్రి బైక్ తాళంచెవి తీసి హెల్మెట్ లోపల పెట్టండి.